అరవై డిగ్రీలకు నలభై ఎనిమిది సెకన్లు

ఏప్రిల్ 9

అమ్మడూ,

కవరు బరువు చూసి కంగారుపడకు. లోపల ఉన్నది నేను రాసిన పాఠం. పద్నాలుగు పేజీలు. పదో తరగతి కొత్త పుస్తకంలో "రసాయన చర్యలు, శక్తి మార్పులు" అన్న పాఠం నన్ను రాయమన్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరో రాసింది చెబుతూ, ఇదేం రాతరా బాబూ అని తిట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడు నన్ను తిట్టుకునేవాళ్ళు తయారవుతారు.

కమిటీలో నలుగురం. ఒకాయనకు బొమ్మలు ఎక్కువ కావాలి, ఒకాయనకు సమీకరణాలు ఎక్కువ కావాలి, మూడో ఆయనకు టీ తొందరగా కావాలి. అందుకని తప్పులు పట్టే పని నీకు అప్పజెబుతున్నాను. నువ్వు రోజూ సున్నపు బట్టీ పక్కనే ఉంటావు. నేను చూసిన అతి పెద్ద రసాయన చర్య పరీక్షనాళికలో పట్టేంత.

సంయోగం, వియోగం, స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం. నాలుగు రకాలకూ నాలుగు పేరాలు. రెండు కలిసి ఒకటవడం, ఒకటి విడిపోయి రెండవడం, ఒకదాని చోట్లో ఇంకొకటి వచ్చి కూర్చోవడం, రెండు జంటలు జోడీలు మార్చుకోవడం. ఈ చివరి పోలిక చదివి మీ పిన్ని, "పదో తరగతి పిల్లలకా ఈ సంగతులు?" అని కొట్టేయించింది. ఇప్పుడు అక్కడ "అయాన్లు పరస్పరం మారును" అని ఉంది. నిద్రమాత్రలా ఉంది.

ఆఖర్న వేడి సంగతి. వేడిని వదిలేవి ఉష్ణమోచక చర్యలు, తీసుకునేవి ఉష్ణగ్రాహక చర్యలు. "మొదటివి వాటంతట అవే జరుగుతాయి, రెండోవి మనం వేడిచేస్తేనే జరుగుతాయి" అని ముగించాను. భలే కుదిరిన వాక్యం. దాని జోలికి మాత్రం పోకు.

అల్లుడు ఈమధ్య వచ్చాడా? పంపుహౌసు వాళ్ళు సెలవు ఇస్తున్నారా లేదా?

ఎర్రసిరా నీ చేతికిచ్చి బిక్కుబిక్కుమంటున్న
బాబాయ్


ఏప్రిల్ 17

బాబాయ్,

పాఠం రెండుసార్లు చదివాను. మీరు జోలికి పోవద్దన్న వాక్యమే తప్పు.

కాగితం మండితే వేడి వస్తుంది. కానీ మీ పద్నాలుగు పేజీలూ వాటంతట అవే మండలేదు కదా, భద్రంగానే చేరాయి. మొదలు కావడానికి కాస్త వేడి ఎవరో ఒకరు అందించాలి. మొదలయ్యాక ఇక మనతో పనిలేదు. అటువైపు, వేడిని తీసుకునే చర్యల్లో కొన్ని గదిలో ఉన్న వేడితోనే జరిగిపోతాయి. బేరియం హైడ్రాక్సైడ్ స్ఫటికాలు, అమ్మోనియం క్లోరైడ్ ఒక బీకరులో వేసి కలపండి. బీకరు కింద తడిపిన చెక్కముక్క పెట్టండి. ఏమవుతుందో నేను చెప్పను. కిటికీలు మాత్రం తెరిచి ఉంచండి, ఘాటు వాసన వస్తుంది.

ఇక్కడ నా పని అడిగారు కాబట్టి రాస్తున్నాను. బట్టీలో సున్నపురాయిని తొమ్మిదివందల డిగ్రీల దగ్గర కాలుస్తారు. రాయి విడిపోయి బొగ్గుపులుసు వాయువు పైకి పోతుంది, పొడిసున్నం మిగులుతుంది. మీ రెండో పేరా, వియోగం, ఇదే. నా బల్ల మీద జరిగేది మొదటి పేరా, సంయోగం. ప్రతి బ్యాచి నుంచి నూటయాభై గ్రాములు తీసి, వేడి బయటికి పోని పాత్రలో ఆరువందల మిల్లీలీటర్ల నీళ్ళలో వేస్తాను. నీళ్ళు ఇరవై డిగ్రీల దగ్గర మొదలవుతాయి. అరవై డిగ్రీలకు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో పుస్తకంలో రాస్తాను. రెండు నిమిషాల లోపైతే చురుకైన సున్నం. నాలుగైదు నిమిషాలు పడితే మందకొడి సున్నం. బట్టీలో రాయి తీసుకున్న వేడే ఇక్కడ కొంత తిరిగి వస్తుంది.

ఈ ఏడు వానలు ముందే మొదలయ్యాయి. గోడౌన్ కప్పు ఉత్తరం మూల కారుతోంది. మేనేజరుకు చెప్పాను. "చూద్దాం" అన్నాడు.

మా హమాలీల్లో ఒకాయన ఉన్నాడు. అందరూ అగ్గిపెట్టె అంటారు. ఆయన దగ్గర అగ్గిపెట్టె ఎప్పుడూ ఉండదు. గేటు బయట నిలబడి, సిగరెట్టు నోట్లో పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళను అడుగుతుంటాడు. నేను సిగరెట్టు తాగనని తెలిసీ నన్ను కూడా అడుగుతాడు. "మేడమ్, వేడి చేసే పని మీది. ఒక్క అగ్గిపుల్ల లేదా?" అంటాడు.

ఆయన రెండు నెలలుగా రాలేదు. ఆయన అంటే మీ అల్లుడు. కొత్త గొట్టాలు వేస్తున్నారట.

అమ్మడు


ఏప్రిల్ 26

అమ్మడూ,

గడ్డకట్టింది!

తరగతిలోనే చేశాను. బల్ల మీద తడి చెక్క, దాని మీద బీకరు, కిటికీలన్నీ బార్లా. కలుపుతుంటే ముక్కు పగిలే వాసన. వెనక బెంచీవాళ్ళు ముందుకొచ్చారు, ముందు బెంచీవాళ్ళు వెనక్కిపోయారు. రెండు నిమిషాలయ్యాక బీకరు పైకెత్తాను. చెక్క కూడా దానితోపాటే లేచింది. కింద నీళ్ళు మంచైపోయాయి. పొయ్యి లేదు, మంట లేదు, మంచుపెట్టె లేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి పిల్లలు నాకు చప్పట్లు కొట్టారు. ఆ చెక్క విడిపోక ప్రిన్సిపాలు గదిదాకా అలాగే మోసుకెళ్ళి చూపించాను. ఆయన "బల్ల పాడవలేదు కదా?" అన్నాడు.

కాబట్టి నా వాక్యం తప్పే. కొట్టేశాను. ఇప్పుడు ఆ చోట ఖాళీ ఉంది. ఏం రాయాలో తోచడం లేదు.

వియోగం పేరా ఇంకోసారి చూడు. "వేడి చేయగా సున్నపురాయి విడిపోవును" అని ఒక్క ముక్కలో తేల్చాను. చాలదా?

అల్లుడి సంగతి రెండు ముక్కల్లో తేల్చేశావు. రెండు నెలలంటే గొట్టాలు ఎంత పొడవున్నాయమ్మా? మీ పిన్ని అడగమంది. నేనడిగినట్టు అడగమంది కూడా, అది రాయకూడదు కాబోలు.

చప్పట్ల మోత ఇంకా చెవుల్లో ఉన్న
బాబాయ్


మే 6

బాబాయ్,

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు గోడౌన్లో మంటలు లేచాయి. నాకేమీ కాలేదు. ముందు అది చెప్పాలి కాబట్టి చెప్పాను.

శనివారం నుంచి ఆగకుండా వాన. ఉత్తరపు గోడ పక్కన చెక్కపలకల మీద కొత్త బ్యాచి సంచులు పెట్టారు. కాగితం సంచులు. కప్పు నుంచి కారిన నీళ్ళు రెండు రోజులు వాటి మీద పడ్డాయి. పై సంచులు ఉబ్బి పగిలాయి. లోపల వేడి ఎంతకు చేరిందో కొలిచినవాళ్ళు లేరు. నా పాత్రలో అరవైతో ఆపేస్తాను. అన్ని సంచులు ఒకేచోట తడిస్తే కాగితమూ చెక్కా అంటుకునేదాకా పోతుంది.

అగ్గిపెట్టె ముందుగా లోపలికి పోయాడు. అంటుకోని సంచులను ఇవతలికి లాగుతున్నాడు. ఎవరో నీళ్ళ గొట్టం తెచ్చి మంట మీదికి తిప్పారు. "నీళ్ళొద్దు, నీళ్ళొద్దు" అని అరిచాను. బట్టీ పంకా మోతలో ఎవరికీ వినపడలేదు. నీళ్ళు పడగానే ఆవిరితోపాటు సున్నం ఎగిరి ఆయన ముఖం మీద పడింది.

ముఖం మీది పొడిని గుడ్డతో తుడిచి, కొళాయి కింద తల పెట్టించి, ఇరవై నిమిషాలు కళ్ళు కడిగాం. తల నేను పట్టుకున్నాను. "మేడమ్, ఇంకెంతసేపు?" అని నాలుగుసార్లు అడిగాడు. కుడికన్ను సంగతి డాక్టర్లు ఇప్పుడే చెప్పలేమంటున్నారు. చేతులు మోచేతుల దాకా కాలాయి.

గోడౌన్ మూడోవంతు పోయింది. ముప్ఫైమంది హమాలీలను మళ్ళీ చెప్పేదాకా రావద్దన్నారు.

సాయంత్రం మేనేజరు అందరినీ పిలిచి, "ఎవడో సిగరెట్టు పారేసుంటాడు" అన్నాడు. ఒక గుమాస్తా, "పేరే అగ్గిపెట్టె కదండీ" అన్నాడు. కొందరు నవ్వారు. మర్నాటికి ఆ మాటే కారణమైపోయింది.

ఆ బ్యాచి పరీక్ష నా పుస్తకంలో ఉంది. అరవై డిగ్రీలకు నలభై ఎనిమిది సెకన్లు. ఈ ఏడాది మొత్తంలో అంత చురుకైన సున్నం మరొకటి రాలేదు.

అమ్మడు


మే 15

బాబాయ్,

మీ నుంచి జవాబు లేదు. పాఠం పనిలో ఉన్నారేమో.

ఇక్కడ ఒక కాగితం మీద సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తున్నారు. రెండుసార్లు వెనక్కి ఇచ్చాను. పెడితే ఒక మనిషి బతుకు పోతుంది, పెట్టకపోతే నా బతుకు. ఆయనకు ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పే ధైర్యం రాలేదు.

వియోగం పేరా గురించి అడిగారు. చాలదు. వేడి ఒకసారి ఇచ్చి వదిలేస్తే విడిపోదు, ఆపకుండా ఇస్తూనే ఉండాలి. విడిపోయినది అక్కడే తిరుగుతుంటే మళ్ళీ కలిసిపోతుంది కూడా. అందుకే దాన్ని బయటికి పంపేస్తారు. కలవడం కన్నా విడిపోవడం కష్టమైన పని. ఒక్క ముక్కలో తేల్చకండి.

అమ్మడు


మే 19

అమ్మడూ,

నీ పదిహేనో తారీకు ఉత్తరం ఇప్పుడే అందింది. అంతకుముందు నెలరోజులుగా నీ నుంచి ఒక్క ముక్క లేదు, ఎందుకా అనుకుంటున్నాం. ఇదా సంగతి?

మీ పిన్ని, నేను మూడుసార్లు చదివాం. పాఠం పేరు చెప్పి నువ్వు ఏం చెబుతున్నావో అర్థం కానంత మొద్దులం కాము. విడిపోవడం కష్టమైన పని అన్నావు. కష్టమని తెలిసీ దేనికమ్మా? ఆ కాగితం నీ ముందు పెట్టిందెవరు? అల్లుడా, వాళ్ళ అన్నయ్యా? నువ్వు సంతకం పెట్టకు. రెండుసార్లు వెనక్కి ఇచ్చి మంచిపని చేశావు. మూడోసారి కూడా ఇవ్వు.

"బయటికి పంపేస్తారు" అన్న మాట దగ్గర మీ పిన్ని ఏడ్చింది. నిన్ను ఇంట్లోంచి పంపేస్తామన్నారా?

నేను రేపు పొద్దున్న బండికి అతని ఊరు వెళుతున్నాను. గట్టిగా మాట్లాడను, భయపడకు. మాట్లాడాల్సింది మాత్రం మాట్లాడతాను. పాఠం ఎటూ పోదు.

నీచేత బళ్ళో "సార్" అని పిలిపించుకున్నందుకు ఇవాళెందుకో బాధపడుతున్న
బాబాయ్


మే 25

బాబాయ్,

ఆయన ఆదివారం వచ్చారు. సంచీ కూడా లేకుండా వచ్చారు. గుమ్మంలో నిలబడి, "నేనేం చేశాను?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. మీరు పంపుహౌసు గేటు దగ్గర, నలుగురి ముందు, సంసారం గురించి గంటసేపు చెప్పారట. ఆఖర్న "విడాకుల కాగితం నువ్వు పంపావా, మీ అన్నయ్య పంపాడా?" అని అడిగారట. ఆయనకు అన్నయ్యే లేరు. ఉన్నది తమ్ముడు.

నేను మే ఆరున రాసిన ఉత్తరం మీకు అందలేదని అప్పుడు తెలిసింది. దాన్ని ఆఫీసు తపాలా సంచీలో వేశాను. ఆ వారం ఆ సంచీ పోస్టాఫీసుకు వెళ్ళలేదట. ఇప్పుడు వెళ్ళిందన్నారు. పదిహేనునాటిది వీధి డబ్బాలో వేశాను కాబట్టి చేరింది. ఆ పాత ఉత్తరం నేడో రేపో వస్తుంది, గోడౌన్ మంటల గురించి అందులో ఉంది.

సంతకం విడాకులకు కాదు. నా పరీక్షల పుస్తకం తీసుకుపోయి, మంటలు ఆర్పేటప్పుడు తడిసిందని చెప్పి, మేనేజరు కొత్త పుస్తకం తెచ్చి నకలు రాయించాడు. ఆ బ్యాచి దగ్గర నాలుగున్నర నిమిషాలు అని ఉంది. సున్నం మందకొడిదైతే వానకు అంటుకోదు, కాబట్టి సిగరెట్టే. అప్పుడు హమాలీదే తప్పు. ఆయన వైద్యం ఫ్యాక్టరీ చూడనక్కరలేదు. దానికింద నా సంతకం కావాలి.

ఇంకొకటి ఉంది. పాత ఉత్తరం చదివేటప్పుడు "ఉత్తరపు గోడ పక్కన సంచులు పెట్టారు" అన్న వాక్యం చూడండి. పెట్టారు అని రాశాను. పెట్టమన్నది నేను. శుక్రవారం మధ్యాహ్నం అగ్గిపెట్టె వచ్చి, "మేడమ్, ఈ బ్యాచి ఎక్కడ?" అన్నాడు. దక్షిణం వైపు నిండిపోయింది. వాన అప్పటికి తెరిపిచ్చింది. "ఉత్తరం వైపు పెట్టించు, సోమవారం లారీ వస్తుందిగా" అన్నాను. కప్పు సంగతి తెలిసే అన్నాను. బ్యాచి ఎంత చురుకైనదో తెలిసే అన్నాను.

ఇదంతా ఆయనకు చెప్పాను. తరవాత, "రైల్లో ఐదు గంటలు కూర్చుని, నిజంగానే నన్ను వద్దనుకుందేమో అనుకున్నా" అన్నారు. "రెండు నెలలు రాకపోతే అనుకోవచ్చు కదా మరి" అని కూడా ఆయనే అన్నారు. సెలవు పెట్టి ఉండిపోయారు. కాబట్టి మీ ప్రయాణం పూర్తిగా వృథా కాలేదని పిన్నితో చెప్పండి.

మంటల విచారణకు జూన్ తొమ్మిదిన తనిఖీ అధికారి వస్తున్నాడు.

అమ్మడు


జూన్ 1

అమ్మడూ,

రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. పాతది ముందు చదవాల్సింది, కొత్తది ముందు విప్పాను. అది కూడా సరిగ్గా చేయలేకపోయాను.

అల్లుడికి విడిగా ఉత్తరం రాశాను. నాలుగుసార్లు చించాను. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళలో ఒకాయన నాకు మంచినీళ్ళిచ్చి, "మీ అబ్బాయా?" అన్నాడు. "అల్లుడు" అన్నాను కోపంగా. తలుచుకుంటే చెమటలు పడుతున్నాయి. మీ పిన్ని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తను కూడా మూడుసార్లు చదివిందన్న సంగతి గుర్తుచేస్తే నాలుగో రోజు కూడా మాట్లాడలేదు.

ఇక అసలు సంగతి. ఆ నకలు మీద సంతకం పెట్టొద్దు. ఇందులో నాకు అనుమానం లేదు. నలభై ఎనిమిది నలభై ఎనిమిదే.

కానీ ఆ రెండోది దేనికమ్మా చెప్పడం? అధికారి అడిగేది సున్నం గురించి, కప్పు గురించి. సంచులు ఎవరు పెట్టమన్నారని అడగడు. పరీక్షల్లో నేను మీకు ఏం చెప్పేవాణ్ణి? ప్రశ్నకు ఎంతవరకు కావాలో అంతవరకే రాయండి, మించి రాస్తే మార్కులు పోతాయని చెప్పేవాణ్ణి కదా. ఇదీ అంతే. కప్పు బాగుచేయించనిది మేనేజరు. గొట్టం తిప్పింది ఇంకెవరో. నువ్వొక్క మాట అన్నావు, అంతే. హమాలీ బయటపడతాడు, నువ్వూ బయటపడతావు. ఎవరికీ అన్యాయం లేదు.

ఈ ఒక్కసారి నా మాట విను.

బాబాయ్


జూన్ 12

బాబాయ్,

విచారణ అయింది.

తనిఖీ అధికారికి బాగా జలుబు. చేతిరుమాలు ముక్కు దగ్గర నుంచి తీయలేదు. మేనేజరు నకలు పుస్తకం ముందు పెట్టి, అసలు పుస్తకం పాడైందన్నాడు. అధికారి నన్ను అడిగాడు. "ఈ అంకె మీరు రాసిందేనా?"

"కాదండీ. సంతకం కూడా లేదు చూడండి."

"అసలు అంకె ఎంత?"

"నలభై ఎనిమిది సెకన్లు."

"నోటిమాట ఎలా నమ్మమంటారు?" అన్నాడు మేనేజరు.

ప్రతి బ్యాచి నుంచి అరకిలో సున్నం తగరపు డబ్బాలో వేసి, గాలి చొరకుండా మూసి, మూత మీద సంతకంతో కాగితం అంటించి మూడు నెలలు దాస్తాం. ఆ బ్యాచి డబ్బా నా గది బీరువాలో ఉంది. మంట అక్కడిదాకా రాలేదు. ఆ సంగతి మేనేజరుకు తెలియదు, ఆయన ఎప్పుడూ బీరువా తెరిపించలేదు. కాగితం చిరగలేదని అధికారి చూసుకుని, తనే కోశాడు. నేను నీళ్ళు ఇరవై డిగ్రీలకు తెచ్చాను. గడియారం ఆయనే పట్టుకున్నాడు. సున్నం వేసి కలపడం మొదలుపెట్టాను.

ముప్ఫై డిగ్రీలు, ముప్ఫై ఎనిమిది, నలభై తొమ్మిది. అరవై దగ్గర ఆయన గడియారం ఆపాడు. యాభై ఒక్క సెకన్లు. నెల దాటింది కాబట్టి మూడు సెకన్లు మందగించింది. పాత్ర మీద చెయ్యి పెట్టి చూసి, వెంటనే తీసేశాడు. "ఇది గిన్నెడు. మీరు గోడౌన్లో పెట్టింది ఎంత?" అని మేనేజరును అడిగాడు. మేనేజరు తప్పు టన్నులు చెప్పాడు. నేను దిద్దలేదు, అది అడిగింది నన్ను కాదు.

కప్పు గురించి రాతపూర్వకంగా చెప్పారా అని నన్ను అడిగాడు. లేదు, నోటితో చెప్పానన్నాను. ఆ తరవాత కాగితాలు సర్దుకుంటూ, "ఇంకేమైనా ఉందా?" అన్నాడు. అందరినీ అలాగే అడుగుతున్నాడు. అందరూ లేదంటున్నారు.

మీ ఉత్తరం నా చేతిసంచీలోనే ఉంది.

"ఉంది" అన్నాను. శుక్రవారం మాట చెప్పాను. ఆయన మొదటిసారి రుమాలు కిందపెట్టి, "మళ్ళీ చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు. మళ్ళీ చెప్పాను. మొదటిసారి కన్నా రెండోసారి కష్టమైంది.

మీరు ప్రశ్నకు మించి రాయొద్దన్నారు. సంచులు అక్కడ పెట్టింది అగ్గిపెట్టె చేతులు, బాబాయ్. నేను చెప్పకపోతే, సిగరెట్టు పోయాక ఆ చేతులే మిగిలేవి. రేపో ఎల్లుండో ఎవరో ఒకరు "తడిచోట సంచులెందుకు పెట్టావురా?" అని ఆయన్నే అడిగేవాళ్ళు.

కారణం కింద కప్పు, వాన, చురుకైన సున్నం అని రాశారు. సిగరెట్టు కొట్టేశారు. వైద్యం ఫ్యాక్టరీ చూడాలి. హమాలీలను పిలిచారు. ప్రయోగశాలలో నా అవసరం ఇక లేదని నిన్న కాగితం ఇచ్చారు. ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టాను. మేనేజరు మేనేజరుగానే ఉన్నాడు.

మీ అల్లుడు బయట బల్ల మీద నాలుగు గంటలు కూర్చున్నారు. బయటికి రాగానే, "ఏమైనా తిన్నావా?" అన్నారు.

అమ్మడు


జూన్ 18

అమ్మడూ,

నా జూన్ ఒకటో తారీకు ఉత్తరం చించెయ్. పిరికివాడు రాసిన ఉత్తరం అది. నీ మీద ప్రేమతోనే రాశాను. కానీ ఆ హమాలీకి కూడా ఎవరో ఒక బాబాయ్ ఉంటాడని తట్టలేదు.

ముప్ఫై ఏళ్ళు పిల్లలకు మార్కులు వేశాను కదా. ఎవరు ఎంతవరకు రాశారో చూశాను, ఏది వదిలేశారో చూడలేదు. ఇది నేను ఇప్పుడు నేర్చుకోవాల్సి రావడం సిగ్గుగా ఉంది.

పాఠం నిన్న కమిటీకి ఇచ్చేశాను. ఖాళీగా ఉన్న చోట, సున్నం సంచులు వానలో తడిస్తే ఏమవుతుందో నాలుగు పంక్తులు రాశాను. మంటకు అన్నిసార్లూ అగ్గిపుల్ల అక్కరలేదని, అలాంటిచోట నీళ్ళు పోయకూడదని రాశాను. ఫ్యాక్టరీ పేరు, మనిషి పేరు లేవు. టీ ఆయన చదివి, "ఇది పరీక్షకు వస్తుందా?" అన్నాడు. "రావచ్చు" అన్నాను.

మీరిద్దరూ ఒకే ఊళ్ళో ఉండబోతున్నారని అల్లుడు రాశాడు. నాకు రాశాడు! నా అక్షరాలు బాగుంటాయని కూడా అన్నాడు. మంచివాడు.

ఉద్యోగం గురించి దిగులుపడకు. పడినా మాతో చెప్పు. సూటిగా చెప్పు, పాఠం మధ్యలో దూర్చి కాదు.

బాబాయ్

పిన్ని రాసే ముక్క: ఆయనకు చెప్పకుండా వేస్తున్నాను. ఆ అబ్బాయి కన్ను సంగతి ఎవరూ రాయలేదు. వెళ్ళి చూశావా?


జూలై 2

బాబాయ్, పిన్నీ,

వెళ్ళాను. రేపు ఊరు వదులుతున్నాం కాబట్టి, ఇవాళ కాకపోతే ఇక వెళ్ళనని తెలిసి వెళ్ళాను.

అగ్గిపెట్టెను హాస్పిటల్ నుంచి పదిరోజుల కిందట ఇంటికి పంపారు. మార్కెట్టు వెనక సందులో రెండో అంతస్తు, ఒకటే గది. కుడికన్ను పోయింది. ఎడమకన్ను బాగానే ఉంది. చేతుల మీద కొత్త చర్మం గులాబీరంగులో ఉంది. వేళ్ళు పూర్తిగా ముడవలేకపోతున్నాడు. భార్య మిషను మీద ఏదో కుడుతోంది. తలెత్తి నన్ను చూసి, మళ్ళీ కుట్టుకుంది.

ఆయన లేవబోయాడు, వద్దన్నాను. ఏం మాట్లాడాలో తెలియక, విచారణలో కారణం తేలింది, వాననీళ్ళ వల్లేనని రాశారు, మీకు తెలుసు కదా అన్నాను.

తెలియదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. హాస్పిటల్ ఖర్చు కంపెనీ కడుతోందని మాత్రం చెప్పారట. దయతో కడుతున్నారనుకున్నాడు.

"ఏంటి మేడమ్ మీరనేది? నా సిగరెట్టు కాదా?" అన్నాడు.

"కాదు. మీరు ఆ రోజు లోపల తాగారా?"

"తాగలేదనే గుర్తు. కానీ అందరూ అంటున్నారు. మేనేజరుగారు హాస్పిటల్‌కొచ్చి కూడా అన్నారు. ఇంతమంది అంటున్నారంటే తాగే ఉంటాను, దెబ్బకు మర్చిపోయుంటాను అనుకున్నా. ముప్ఫైమంది పని నావల్ల పోయిందని..." అని తన చేతులవైపు చూసుకున్నాడు. "ఒప్పుకుంటూ కాలి బొటనవేలి ముద్ర కూడా వేశాను మేడమ్" అన్నాడు.

యాభై రోజులకు పైగా ఆయన అలా అనుకుంటూ పడుకున్నాడు. ఒక కన్నుతో, కట్లు కట్టిన చేతులతో. అది నాకు తట్టలేదు. నేను కన్ను గురించి, వైద్యం గురించి, నా ఉద్యోగం గురించి ఆలోచించాను.

"మీరు కాదు" అన్నాను.

"ఇంకోసారి చెప్పండి. దానికి వినపడేలా చెప్పండి" అని భార్యవైపు చూపించాడు. "రెండు నెలలుగా నాతో సరిగ్గా మాట్లాడలేదు మేడమ్. పనిపోయినవాళ్ళ ఆడవాళ్ళంతా మెట్ల మీద ఆపి తిట్టారు దాన్ని."

మిషను ఆగింది. నేను ఆమెవైపు తిరిగి మొదటినుంచీ చెప్పాను. కప్పు, వాన, సున్నం. ఆ తరవాత, సంచులు అక్కడ పెట్టమన్నది నేనేనని చెప్పాను.

ఆమె చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది. "మీకు తెలుసా, అక్కడ కారుతుందని?"

"తెలుసు."

"తెలిసే పెట్టమన్నారా?"

"అవును."

ఆయన మధ్యలో, "పోనీలేవే, ఆవిడే కదా తల పట్టుకుని కడిగింది, లేకపోతే ఈ కన్ను కూడా..." అన్నాడు. ఆమె వినలేదు. లేచి నా దగ్గరకు వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నన్ను దాటుకుని వెళ్ళి తలుపు బార్లా తెరిచింది. నన్ను వెళ్ళమంటోందనుకుని కదిలాను.

"ఉండండి" అంది.

మెట్ల దగ్గరకు వెళ్ళి, కింది అంతస్తుకు, పై అంతస్తుకు వినపడేలా పేరుపేరునా నలుగురైదుగురు ఆడవాళ్ళను పిలిచింది. వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. చేతులు తుడుచుకుంటూ ఒకరు, బిడ్డను ఎత్తుకుని ఒకరు. గుమ్మం నిండిపోయింది. అందరూ వచ్చారని చూసుకున్నాక ఆమె నావైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పండి" అంది. "నాకు చెప్పిందంతా. ఒక్క ముక్క కూడా వదలకుండా."

చెప్పాను.

అమ్మడు